వట్టి చేతుల మొక్కు

నాకు కోపం ఎక్కువైందని మొదట కనిపెట్టింది మా దాపటి ఎద్దు. నేను కొట్టంలో అడుగు పెట్టగానే అది గాటిలోంచి మూతి తీసి గోడవైపు తిరిగి నిలబడేది. గడ్డి వేసి నేను బయటికి పోయాకే మళ్లీ ఇటు తిరిగేది. తర్వాత కాకులకు తెలిసింది. అవి మా ఇంటి మీద వాలడం మానుకున్నాయి. అందరికంటే చివర నాకు తెలిసింది.

అది కర్నూలు రాజధాని అయిన మరుసటి సంవత్సరం. మా ఊరు గుండ్లవంక, కోడుమూరుకు దగ్గరే. వానలు వరసగా ఎగ్గొట్టిన కాలం. ఊరంతటికీ అదే ఎండ, అదే కరువు. అందరూ ఓర్చుకుంటున్నారు. నాకు మాత్రం ఆరిపోయిన దీపం మీద కోపం, పడని గడియ మీద కోపం. ఒకరోజు బావి గిలకను నిలబెట్టి తిట్టాను. అది కిర్రుమని జవాబు చెప్పింది. దాంతో ఇంకా తిట్టాను. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు కడవలు కింద పెట్టుకుని, నాకూ గిలకకూ తగువు తీరేదాకా ఓపికగా నిలబడ్డారు.

మా ఇంటి దేవుడు నరసింహస్వామి. శనివారం తలంటుకుని దీపం పెట్టి, "స్వామీ, నా కోపం తగ్గించు" అని వేడుకునేవాణ్ణి. పటంలో స్వామి గుడ్లు ఉరిమి, ఒళ్లో రాక్షసుణ్ణి పడుకోబెట్టుకుని నావైపు చూసేవాడు. ఈ పని ఈయనకు చెప్పవచ్చునా అని ఒక్కోసారి అనుమానం వచ్చేది. అయినా ఇంటి దేవుణ్ణి కాదని ఇంకొకరి దగ్గరికి పోవడం మర్యాద కాదు గదా అని ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె అంచు మాడిందని దాన్ని విసిరేశాను. అది గోడకు తగిలి తిరిగివచ్చి నా ఒళ్లోనే పడింది. నవ్వవలసిన సంగతే. నేను అరిచాను. మా ఇంటావిడ భీమమ్మ మాత్రం అరవలేదు. పొయ్యి మీది పెనం దించి, చేతులు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది.

"నాగమ్మ నాయనా, ఇనుకో," అంది. నాగమ్మ మా ఒక్కగానొక్క కూతురు, అత్తగారింట్లో ఉంది. "ఇంగొక్క తూరి గొంతు లేపితివంటే నేను మా అన్న కాడికి పోతా. పిలిసేకి రావద్దు. నువ్వు వస్తే మా వదినె కుక్కను ఇడుస్తాది."

"రొట్టె మాడ్చేదీ నువ్వే, పోయేదీ నువ్వేనా?"

"సూడు, ఇప్పుడే లేస్తాండాది గొంతు."

దించుకున్నాను. భీమమ్మ మాట ఎలాంటిదో నాకు తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో మా అమ్మ ఏదో అన్నదని, "ఇంగ ఈ ఇంట్ల వంకాయ తినను" అంది. మా అమ్మ పోయింది. ఆమె అన్న మాట ఏమిటో భీమమ్మకే గుర్తు లేదు. వంకాయ మాత్రం ఇప్పటికీ ముట్టదు. అలాంటి మనిషి పోతానంటే పోతుంది. ఆమె పోతే ఇల్లు ఎలా ఉంటుందా అని ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఊహించుకున్నాను. నేనూ ఎద్దూ కనిపించాము, చెరొక గోడవైపు తిరిగి.

మరునాడే కోడుమూరు పోయి హకీం సాహెబును చూశాను. ఆయన నా నాడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవలేదు. నిద్రపోయాడేమో అని నాకు మండింది.

"ఇప్పుడొచ్చింది సూడు, గుస్సా," అన్నాడు కళ్లు తెరవకుండానే. "ఒంట్ల రోగం లేదు దేవేంద్రప్పా. దిమాగు కాలిపోయి ఉండాది. మీ ఊరి పక్కన చెట్లు ఉండాయి గదా?"

"ఉండాయి సాయిబూ. వంక పక్కన రోంత అడవి."

"రోజూ తెల్లారేటప్పుడు ఆడ నడువు. చేతిలో ఏమీ పట్టుకోవద్దు. ఆడ్నుంచి ఏమీ తేవద్దు. ఇంటికొచ్చేదాంక నోరు తెరవద్దు."

"మందు?"

"ఇదే మందు."

"ఒక పొడో, లేహ్యమో..."

"లేహ్యం ఇస్తే నాకి ఊరికే కూసుంటావు. పో, పో."

మందు ఇవ్వని హకీం మీద కోపంతో ఇంటిదాకా నడిచాను. అదే నా మొదటి నడక అనుకోవాలి.

మా ఊరివాళ్లు దాన్ని అడవి అంటారు. నల్లమల చూసినవాళ్లు వింటే నవ్వుతారు. వంక ఒడ్డున కొన్ని వేపలు, సండ్రలు, కానుగలు. వాటి కాళ్లచుట్టూ తంగేడు, బలుసు, రేగుకంపలు. ఈ చివర నిలబడితే ఆ చివర పోయే ఎద్దులబండి కనిపిస్తుంది. అందులో మనిషి తప్పిపోవాలంటే చాలా కష్టపడాలి.

నాకు అసలు కష్టం చేతులతో వచ్చింది. బుద్ధెరిగిన తర్వాత నేను ఆ చెట్లలోకి వట్టి చేతులతో పోయింది లేదు. గొడ్డలో, తాడో, మేకపిల్లో, అవేవీ లేకుంటే చెంబో ఉండేది. ఇప్పుడు ఏమీ లేని నా చేతులు రెండూ ఎవరో పరాయివాళ్లవి లాగా పక్కన వేలాడుతూ వచ్చాయి. ఎండుపుల్ల కనబడితే వాటంతటవే వంగేవి. నేను వెనక్కు లాక్కునేవాణ్ణి. మళ్లీ వంగేవి. మొదటిరోజు అడవిలో నేను నడిచినదానికంటే నా చేతులతో కుస్తీ పట్టినదే ఎక్కువ.

కొన్నాళ్లకు అవి లొంగాయి. అప్పుడు గానీ కళ్లు తెరుచుకోలేదు. పొద్దు పొడిచేటప్పుడు సండ్ర ఆకుల సందుల్లోంచి వెలుగు జల్లెడ పట్టిన పిండిలాగా దిగేది. వంకలో ఇసుక చల్లగా ఉండేది. వేపపూత వాసన వచ్చేది. అంత ఎండలోనూ ఆ మానులు ఎవరినీ నీళ్లు అడగకుండా ఎలా పూశాయో! ఒక కౌజుపిట్ట పిల్లల్ని వెంటేసుకుని దారికి అడ్డంగా పోతూ నన్ను చూసి ఆగింది. నా చేతిలో ఏమీ లేదని చూసుకుంది కాబోలు, పరుగెత్తకుండా తన దారిన తాను పోయింది. ఒక పిట్ట నన్ను నమ్మిందని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు ఎందుకొచ్చాయో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

అక్కడ నేను జపం చేయలేదు. చేయాలని కూడా అనుకోలేదు. అయినా ఒకరోజు తిరిగివస్తుంటే స్వామి పేరు నాలుక మీద ఉంది, నేను పెట్టకుండానే. ఇంట్లో పిలిస్తే పలకనివాడు ఇక్కడికి పిలవకుండా ఎందుకు వచ్చాడు? ఆయనకు కూడా పటంలో కూర్చుని కూర్చుని విసుగెత్తి, తెల్లారేటప్పుడు ఇటు నడకకు వస్తాడేమో అనుకున్నాను. తప్పయితే ఆయనే క్షమించాలి.

మనిషికి ఏ దారిలో నడిచినా కొన్ని అలవాట్లు పడతాయి. వంక దిగేచోట దుమ్ముకు నాకు దగ్గు వచ్చేది. రేగుకంపల మలుపులో పంచె మోకాళ్లమీదికి ఎగ్గట్టేవాణ్ణి. పెద్ద వేపమాను దగ్గర వీపు మానుకు ఆనించి ఎనుములాగా రుద్దుకునేవాణ్ణి. చివర బండమీద కూర్చుని చెప్పులోని రాయి దులుపుకునేవాణ్ణి. అంతే. వీటిలో దేనికీ అర్థం లేదు.

ఇంట్లో మార్పు కనిపించింది. ఎద్దు గాటిలోంచి మూతి తీయడం మానింది. ఒకరోజు భీమమ్మ కావాలనే నల్లగా మాడిన రొట్టె నా ముందు పెట్టి, "మాడింది," అని తనే చెప్పి, వాకిలి దగ్గరికి జరిగి నిలబడింది.

"బాగుండాది. కరకరమంటాండాది," అన్నాను.

ఆమె నన్ను ఎవరో దారిన పోయేవాడు ఇంట్లో దూరినట్టు చూసింది.

మా ఊళ్లో పనిలేకుండా ఎవరూ చెట్లలోకి పోరు. మొదట్లో నేను తెల్లారి పోవడం చూసి అందరూ అనుకోవలసిందే అనుకున్నారు. తర్వాత చెంబు లేదని గమనించారు. అప్పటినుంచి ఊరికి నిద్ర పట్టలేదు. మేకలు తోలుకుపోయే ముసలమ్మ గిడ్డమ్మ ఒకనాడు దారికి అడ్డం నిలబడింది. మోకాళ్ల నొప్పులతో కర్ర ఊతంగా నడిచే మనిషి.

"ఏమప్పా దేవేంద్రప్పా, యాడికి పోతాండావు?"

నోరు తెరవరాదు గదా. 'క్షమించవ్వా' అన్నట్టు చేతులు జోడించాను.

"గొడ్డలి లేదు, తాడు లేదు. చెంబు కూడా లేకపాయె..." అంటూ ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, ఉన్నట్టుండి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కర్రతో మేకల్ని పక్కకు తోసి నాకు దారి ఇచ్చింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. మొక్కు తీర్చుకుంటున్నవాణ్ణి అది ఏం మొక్కని అడగరాదు. అడిగితే అడిగినవాళ్లకు కీడు. చెబితే మొక్కు చెడుతుంది. తెల్లవారకముందు, మౌనంగా, వట్టి చేతులతో పోయేవాడు మొక్కుమీద కాక మరి దేనిమీద పోతాడు? గిడ్డమ్మ ఆ మాట ఊరికి చెప్పింది. ఊరు నన్ను ఏమీ అడగలేదు. ఎదురుపడితే తల వంచి పక్కకు తప్పుకునేవారు. మా ఊరివాళ్లు ఇంత మర్యాదస్తులు ఎప్పుడయ్యారా అని నేను సంతోషించాను.

వైశాఖంలో ఒక సాయంత్రం వాన పడింది. ఊరంతటికీ కాదు. మా వీధినుంచి అడవిదాకా పడి, అక్కడ గీత గీసినట్టు ఆగింది. నేను దేవునికి దండం పెట్టుకుని నిద్రపోయాను.

మరునాడు వంక దిగుతూ మామూలుగా దగ్గాను. నా వెనక ఇంకొక దగ్గు వినిపించింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత చాలా దగ్గులు, పెద్దవి, చిన్నవి, ఆడవి, మగవి, వరసగా ఒడ్డుమీదినుంచి దిగుతూ వచ్చాయి.

తిరిగి చూశాను. ముందు పెద్ద ఈరన్న. ఊళ్లో పంచాయితీలకు తీర్పు చెప్పే పెద్దమనిషి. ఆయన తలపాగా లేకుండా ఎవరూ చూసి ఎరగరు. ఆయన వెనక గిడ్డమ్మ. ఆమె వెనక సగం ఊరు. ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. అందరి చేతులూ పరాయివాటి లాగా పక్కన వేలాడుతున్నాయి. అందరూ నోళ్లు మూసుకుని నావైపు చూస్తున్నారు, తర్వాత ఏం చేస్తానా అని.

ఏం చేయాలో తోచక ముందుకు నడిచాను. మలుపులో కంపల మధ్య పంచె ఎగ్గట్టక తప్పలేదు. వెనక పంచెలన్నీ పైకి లేచాయి. ఆడవాళ్లు కుచ్చెళ్లు దోపుకున్నారు. వేపమాను దగ్గర ఆగకుండా పోదామనుకున్నాను గానీ, అలవాటు పడిన వీపు ఊరుకోలేదు. రెండుసార్లు రుద్దుకుని వచ్చేశాను. చెట్ల చాటునుంచి చూస్తే, ఈరన్న మాను ముందు నిలబడి దానికి దండం పెట్టి, వెనక్కు తిరిగి, కళ్లు మూసుకుని, ఎంతో భక్తిగా వీపు రుద్దుకుంటున్నాడు. తమ వంతుకోసం మిగతావాళ్లు వరసలో ఉన్నారు.

ఆ రోజు కౌజుపిట్ట కనిపించలేదు. స్వామి పేరు కూడా నాలుక మీదికి రాలేదు. అంతమందిని చూసి ఆయన కూడా వెనక్కు పోయి ఉంటాడు.

తర్వాత దారి మార్చాను. ఊరూ దారి మార్చింది. ఇంకా ముందుగా లేచాను. నాకంటే ముందే లేచి వాకిట్లో నిలబడి ఉన్నారు. నోరు తెరిచి 'పొండి' అందామంటే హకీం పథ్యం చెడుతుంది. అడవినుంచి తిరిగివచ్చేసరికి నాకు పోయిన కోపమంతా వడ్డీతో సహా తిరిగివచ్చేది. ఇంట్లో గొంతు లేస్తుందని భయమేసి, రొట్టె నోట్లో కుక్కుకుని తినేవాణ్ణి. "నిదానంగా తిను, ఎవరూ గుంజుకోరు," అనేది భీమమ్మ. సగం రొట్టె నోట్లో ఉండగా మనిషి ఎవరినీ తిట్టలేడు. అలా కొన్నాళ్లు ఇల్లు నిలబెట్టుకున్నాను.

ఒకరోజు, ఇది ఎంత పిచ్చిపనో వాళ్లకే తెలియాలని, బండకు పోయే దారిలో ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టాను. అప్పుడైనా నవ్వుతారు, నవ్వితే మౌనం చెడుతుంది, అందరూ ఇళ్లకు పోతారు అని నా లెక్క. ఎవరూ నవ్వలేదు. వెనకనుంచి నేల అదిరే చప్పుడు వచ్చింది. ఊరంతా గెంతుతోంది. పెద్ద ఈరన్న తలపాగా జారి కంటిమీదికి వచ్చినా చేత్తో సర్దుకోకుండా, తీర్పు చెప్పేటప్పటి ముఖంతోనే గెంతుతున్నాడు. గిడ్డమ్మ కర్ర లేకుండా గెంతుతోంది. అందరికంటే చివర, మడమ పగుళ్లవల్ల ఆగి ఆగి గెంతుతూ, మా భీమమ్మ.

నా కాలు నేలమీదికి దిగింది. ఊరి కాళ్లన్నీ దిగాయి.

ఆమె ఎప్పుడు మొక్కుకుంది, ఏమని మొక్కుకుంది? అడగరాదు. ఆమె చెప్పరాదు. ఇంటికి వచ్చి ఆమె రొట్టె పెట్టింది, నేను తిన్నాను. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నేను దేవుణ్ణి ఏమీ అడగకుండా నడుస్తున్నాను. అడిగేవాళ్లందరూ నా వెనక నడుస్తున్నారు. వాళ్ల మొక్కులు ఎక్కడికి పోతున్నట్టు? దారి తప్పు గానీ మనసు తప్పు కాదు గదా. ఇది ఆలోచించేంత చదువు నాకు లేదు.

మరునాడు మా వీధిలో ఈరన్న నన్ను ఆపాడు. అప్పుడే నడక ముగించి అందరమూ ఊళ్లోకి వచ్చాము. భీమమ్మ ఎప్పటిలాగే వెనకబడి ఉంది. జనం చుట్టూ నిలబడ్డారు.

"దేవేంద్రప్పా, నేను ఏం మొక్కని అడుగుతాండలేదు," అన్నాడు ఈరన్న రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ. "అది నీకూ దేవునికీ ఉండే సంగతి. నేను అడిగేది పద్ధతి గురించి. మొన్న వేపమాను కాడ రెండు తూర్లు రుద్దుకుంటివి. నిన్న మూడు తూర్లు. ఇయ్యాల రుద్దుకోనే లేదు. నిన్న గెంతితివి, ఇయ్యాల గెంతలేదు. ఇట్లయితే జనం ఏం సేయల్ల?"

నేను మాట్లాడలేదు. ఇల్లు ఇంకా నాలుగు అడుగులుంది.

"వానకు రుద్దుకునేది ఎన్ని తూర్లు? కాళ్ల నొప్పికి ఎన్ని తూర్లు? ఒకటి ఖాయం సేయప్పా."

"నాకు గెంతినాకే మోకాలు బాగుండాది," అంది గిడ్డమ్మ వెనకనుంచి. "గెంతేది తీసేయొద్దండి."

"గిడ్డమ్మా, నువ్వు ఉండు. మొదట రుద్దేది తేలనీ."

"నీకేమి, నీకు మోకాళ్లు బాగుండాయి, రుద్దేదే మాట్లాడతావు!"

ఇద్దరూ నా రెండు పక్కల నిలబడి వాదించుకోసాగారు. నా లోపల ఏదో అరికాలినుంచి బయలుదేరింది. నడుము దాటింది. మెడకు వచ్చింది. రొట్టె కుక్కుకుందామంటే దగ్గరలో రొట్టె లేదు.

"మొక్కూ లేదు, గిక్కూ లేదు!" అని అరిచాను. మా ఇంటి మీద ఈమధ్యనే మళ్లీ వాలుతున్న కాకులు లేచిపోయాయి. "నాకు కోపం శానా ఎక్కువైందని హకీం సాయిబు నడవమన్నాడు! దుమ్ముకు దగ్గినా! దురదకు రుద్దుకున్నా! ఇంగ మీరు పొండి, నన్ను నా మానాన వదిలేయండి!"

అప్పటికైనా అర్థమైందనుకున్నాను. ఈరన్న రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు. మెల్లగా చేతులు తీశాడు.

"అయ్యో, సెప్పేస్తివి గదప్పా," అన్నాడు జాలిగా. "కోపం తగ్గేకి మొక్కుకుంటివా! ఇన్నాళ్లు దాచి, ఇంత కష్టపడి... సెప్పేస్తివి గదా."

"మొక్కు కాదంటే!"

"మొక్కు సెడింది. అందుకే కోపం ఒక్కసారిగా తిరుక్కున్నాది. సూడండి, అందరూ సూస్తాండారు గదా." జనం తలలూపారు. గిడ్డమ్మ కళ్లు ఒత్తుకుంది. ఈరన్న అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. "రేపట్నుంచి ముందర నేను నడుస్తా. నువ్వు రావాలంటే రా, మేము వద్దనము. అందరికన్నా వెనక రా. నీ లెక్క వేరే."

అందరూ కదిలిపోయాక చూస్తే, వీధి మలుపులో భీమమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. నా అరుపు మాత్రం పూర్తిగా విన్నదని ముఖం చెప్పింది. నన్ను దాటుకుని ఇంట్లోకి పోయింది. లోపల చీరలు దులుపుతున్న చప్పుడు.

"అరిచింది వీధిలో గదా," అన్నాను గడప దగ్గర నిలబడి, గొంతు బాగా దించి. "ఇంట్లో కాదు."

"ఇంట్ల అనలేదు నేను. గొంతు లేపితే అన్నా."

నిజమే. ఇంట్లో అని ఆమె అనలేదు.

"రేపు నాకు కడాపటి దినం," అంది మూట ముడి బిగిస్తూ. "నడక ముగించి, అటునుంచి అటే మా అన్న కాడికి పోతా. మొక్కు సగంలో ఇడిసిపెట్టకూడదు." ఏం మొక్కో నేను అడగలేదు. ఏదైనా, అది నెరవేరని ఇంటినుంచి ఆమె పోతోందని మాత్రం తెలిసింది.

తెల్లారి వాకిట్లో చిన్న చిక్కు వచ్చింది. మూట పట్టుకుని నడక పనికిరాదన్నాడు ఈరన్న. వట్టి చేతులు ఉండాలి. మూట ఇంట్లో పెడితే మళ్లీ వెనక్కు రావాలి, రానంది భీమమ్మ. ఈరన్న గడ్డం గోక్కుని, కాసేపు ఆలోచించి, నావైపు చూశాడు.

"దేవేంద్రప్ప మొక్కు సెడినోడు. ఆయప్ప ఏం మోసినా దోషం లేదు."

"మరి మాట్లాడొచ్చా ఆయనతో?" అని భీమమ్మ అడిగింది. "నాకు పోయే ముందర రోంత మాట్లాడేది ఉండాది."

ఈరన్న ఇంకాసేపు ఆలోచించాడు. "మొక్కు సెడినోనితో మాట్లాడితే అది మాట కింద రాదు. మాట్లాడుకో."

అలా నా పెళ్లాం నన్ను వదిలిపోయే మూట నేనే భుజాన వేసుకుని అడవిలోకి నడిచాను. ముందు ఈరన్న, వెనక ఊరు. వంక దగ్గర దగ్గులు మొదలయ్యాయి. భీమమ్మ మడమలు ఇసుకలో దిగబడుతుంటే మేము వెనకబడ్డాము. దగ్గులు దూరమయ్యాయి. గెంతే చప్పుడు ఎక్కడో చెట్ల అవతల వినిపించి ఆగిపోయింది. ఇక మేమిద్దరమే.

భీమమ్మ మొదలుపెట్టింది.

"పెండ్లినాడు తలంబ్రాలు పోసేటప్పుడు నా కంట్ల బియ్యపుగింజ పడింది. నువ్వు సూడలేదు. నేను ఆ కన్ను మూసుకునే అరుంధతిని సూసినా."

చూశాను. ఆ రోజు ఆమె కన్ను ఎర్రగా ఉంది. తల్లిని వదిలిపోతున్నానని ఏడ్చింది కాబోలు అనుకున్నాను. అడగడానికి సిగ్గేసింది. ఈ సంగతి ఇప్పుడు చెప్పాలంటే నోరు తెరవాలి. ఊరికి నా మొక్కు చెడింది గానీ, నాకు హకీం పథ్యం ఉంది. ఊరుకున్నాను.

"మొదటి ఉగాదికి పుట్టింటికి పంపలేదు. ఎద్దులకు జబ్బన్నావు. నేను పోయి సూస్తే ఎద్దులు బాగుండాయి. మొక్కజొన్న తింటాండాయి."

కోపం మెడదాకా వచ్చింది. ఆ ఎద్దులకు నిజంగానే గాలికుంటు జబ్బు. కానీ వచ్చిన కోపం బయటికి పోవడానికి దారిలేక అక్కడే కాసేపు నిలబడి, వంకలో చల్లగాలి తగిలేసరికి దిగిపోయింది. భీమమ్మ మాట్లాడుతూనే ఉంది. మా అమ్మ సంగతి వచ్చింది. అమ్మిన ఆవు సంగతి వచ్చింది. ఆమె ఏ సంగతీ కోపంగా చెప్పలేదు. పప్పులో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ నడిచింది. మధ్యలో ఆగి, "ఈ పూత వాసన దేనిది?" అని అడిగి, నేను చేయి చూపించిన కానుగ వైపు చూసి, "శానా బాగుండాదే, ఈడ," అని, మళ్లీ ఆవు దగ్గరికి పోయింది. అడవిలో అంత మాట్లాడుతున్నా నా చెవికి చప్పుడు అనిపించలేదు. వినడం తప్ప వేరే పనిలేనప్పుడు మాట కూడా చెట్టుమీది పిట్ట లాగానే ఉంటుందేమో. ఆమె నాతో ఒకేసారి ఇన్ని మాటలు అనడం, నేను నడుమ తుంచకుండా వినడం, రెండూ ఇదే మొదటిసారి.

"నాగమ్మ పుట్టిందని కబురొస్తే నువ్వు ఏమన్నావో గుర్తుండాదా?"

గుర్తుంది. తల వంచుకున్నాను.

"సరే," అంది. "గుర్తుంటే సాలు."

చెట్లు అయిపోయాయి. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి చుట్టు తిరిగి మా ఊరికి. ఒకటి ఆమె పుట్టినూరికి పోయే బండిదారి. భీమమ్మ ఆగింది.

"మూట ఇయ్యి."

ఇచ్చాను. చంకలో పెట్టుకుంది. బండిదారి వైపు చూసింది. ఎండ అప్పుడే కాగుతోంది. ఆ దారిలో చెట్టన్నది లేదు. చాలాసేపు అలాగే నిలబడింది. ఉండమని అడగడానికి నోరు తెరవబోయాను. పథ్యం పోతే పోనీ అనుకున్నాను. అంతలో ఆమే మాట్లాడింది.

"నాగమ్మ పుట్టిన ఏడు దాంక సెప్పినా గదా?"

తలూపాను.

"అసలుది ఇంగా రాలేదు. నాగమ్మ పెండ్లిలో నువ్వు సేసింది సెప్పకుండా పోతే నాకు కడుపుబ్బుతాది." మూట ఒక చంకనుంచి ఇంకొక చంకకు మార్చుకుంది. "ఆడికి పోయి ఎవరితో సెప్పేది? మా అన్నకు సెవుడు. మా వదినె తన మాటే గానీ ఒకరి మాట ఇనదు."

నేను ఆమె ముఖంలోకే చూశాను.

"రేపు అది సెప్తా. దానికి ఒక్కరోజు సాలదులే, శానా ఉండాది," అంటూ మూట తెచ్చి నా చేతుల్లో కుక్కింది. "ఏమట్ల సూస్తావు? నడువు. ఎద్దుకు నీళ్లు పెట్టలేదు."

ఆమె ఊరిదారి పట్టింది. నేను వెనక నడిచాను. మూట బరువుగానే ఉంది. చీరల మధ్యలో ఏదో గట్టిది, అడుగడుగుకూ నా డొక్కకు తగులుతోంది. ఏమిటని అడగలేదు.